సముద్రంలో ఇంకో ఏడాది

మా ఊళ్ళో చేప అంటే ఒక్కటే. మిగతావాటికి పేర్లున్నాయి, దానికి లేదు. "చేప వచ్చిందా?" అని ఎవరైనా అడిగితే ఆ ఒక్కదాని గురించే అడుగుతున్నారని అర్థం. ఎగువన గులకరాళ్ళ మధ్య పుట్టి, చూపుడువేలంత కాగానే ఏటివెంట దిగి, సముద్రంలోకి పోయి అక్కడ పెరిగి పెద్దదై, గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఈ ఏటికే ఎదురీదుకుంటూ వచ్చే చేప అది. దాన్ని నమ్ముకుని బతికే ఇళ్ళు రెండొందలకు పైనే ఉండేవి. దాని మంచిచెడ్డలు కనిపెట్టడానికి ఏటి ఒడ్డున, పాత ఐసు ఫ్యాక్టరీ వెనక, ఒక చిన్న ఆఫీసు ఉండేది. అందులో నేను టైపు చేసేదాన్ని.

కింద గదిలో వలలు, తక్కెడలు, ఎప్పటికీ ఆరని రబ్బరు బూట్లు. పై గదిలో ముగ్గురం. తలుపుకెదురుగా ఆఫీసరుగారు, మధ్యలో నేను, కిటికీ పక్కన పొలుసక్క.

ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. చేప పొలుసులు చదవడం ఆవిడ ఉద్యోగం గనక ఏటివాళ్ళు అలా పిలవడం మొదలుపెట్టారు. మేమూ అదే అందుకున్నాం. ముప్ఫై ఏళ్ళు ఆ కిటికీ పక్కనే, అదే కుర్చీలో, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మైక్రోస్కోపులోకి వంగి కూర్చుంది. మెడ కాస్త ముందుకు వాలిపోయింది. రోడ్డు మీద నడుస్తున్నా కింద ఏదో వెతుకుతున్నట్టే ఉండేది.

నేను కొత్తగా చేరినప్పుడు ఒక మధ్యాహ్నం పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇందులో చూడు. మధ్యలో చుక్కలా ఉందే, అది పుట్టుక. దాని చుట్టూ దగ్గరదగ్గరగా గీతలు ఉన్నాయా? అవి ఏట్లో ఉన్న రోజులు. ఏట్లో తిండి తక్కువ, ఒళ్ళు చెయ్యదు. ఇదిగో, ఇక్కడ ఒక్కసారిగా గీతలు ఎడమయ్యాయి. సముద్రంలో పడింది. ఇంక తిండే తిండి. మళ్ళీ ఇక్కడ గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు లేవూ? అది చలికాలం. మళ్ళీ ఎడం, మళ్ళీ చలికాలం. రెండు చలికాలాలు. అంటే ఇది రెండేళ్ళు సముద్రంలో తిరిగొచ్చిందన్నమాట."

"ఈ అంచేమిటక్కా, ఎలక కొరికినట్టుంది?"

"ఏరెక్కాక ముద్ద ముట్టదు అది. ఒంట్లో ఉన్నదే కరిగించుకుంటూ ఈదుతుంది. పొలుసు కూడా కరిగిపోతుంది. అక్కడ దాకా వచ్చిన చివరి రోజులు మనం చదవలేం."

ఆవిడ సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. మా ఊరికి అది ఒక పగటి ప్రయాణం దూరం. కాని సముద్రంలో ఏ ఏడు తిండి బాగా దొరికిందో, ఏ చలికాలం గట్టిగా కొట్టిందో గాజుపలక మీద పెట్టిన గోరంత పొలుసు చూసి చెప్పేది. వాళ్ళాయన బస్సు డ్రైవరు, సరదా మనిషి. "నేను పొద్దున తిన్నానో లేదో మా ఆవిడకి తెలీదు. మూడేళ్ళ కింద ఏ చేప ఎక్కడ పస్తు ఉందో మాత్రం తెలుసు" అనేవాడు. ఆవిడ నవ్వేది. పిల్లలు లేరు వాళ్ళకి.

వాళ్ళ వాటాకీ మరిది వాటాకీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. మరిది ఏటి మీద వల వేసేవాడు. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి అతనికి ఇంకా మీసం కూడా రాలేదు. వదినంటే అంత చనువు. అందరి ముందూ "నువ్వు" అనేవాడు, గోడ మీంచి గిన్నె చాపి కూర అడిగేవాడు. రేవులో అతని మాటకి విలువ ఉండేది. మనిషి నిదానస్థుడు, తాగడు, ఒకరి వల జోలికి పోడు. పైగా ఆఫీసులో పొలుసులు చదివే ఆవిడ మరిది.

ఇక జరిగింది చెబుతాను.

ఒక ఏడాది చేప బాగా తగ్గింది. వచ్చిన వాటి పొలుసులు చూస్తే ఎప్పుడూ ఉండే రెండు చలికాలపు పట్టీలకి బదులు మూడు కనిపించాయి. నాలుగైదింటికి కాదు, దాదాపు అన్నింటికీ. పొలుసక్క మూడు అని రాసింది. ఆఫీసరుగారు ఆ మూడుని పట్టుకుని ఆలోచించారు. చేప సముద్రంలో ఉండే కాలం రెండేళ్ళ నుంచి మూడేళ్ళకు పెరిగిందన్నమాట. అలాగైతే ఈ ఏడు తగ్గడంలో వింత లేదు. రావలసిన చేప ఆలస్యం చేస్తోంది, అంతే. ఏడాది చివరి నివేదికలో ఆయన చెప్పినట్టే నేను టైపు చేశాను: "తగ్గుదల తాత్కాలికం. రావలసిన చేప ఇంకా సముద్రంలోనే ఉన్నది." ఆ వాక్యం చూసి పైవాళ్ళు వల వేసే రోజులు తగ్గించలేదు. ఏటివాళ్ళు ఎప్పటిలాగే వేశారు.

మరుసటేడు కొంచెం ఎక్కువ పడింది. చూశారా, వస్తోంది అనుకున్నాం. ఆ పై ఏడు మళ్ళీ తగ్గింది. అలా తొమ్మిదేళ్ళు. ప్రతిసారీ మూడు పట్టీలు. ప్రతిసారీ అదే వాక్యం, తేదీ మార్చి టైపు చేశాను.

ప్రతి ఏడూ పని ముగిశాక మరిది గోడ దగ్గరికి వచ్చి అడిగేవాడు. "ఏం వదినా, ఉందంటావా?"

"ఉందయ్యా. ఇంకో ఏడాది చేప సముద్రంలో ఉంది."

అతను ఆ మాట రేవుకి మోసుకెళ్ళేవాడు. మధ్యలో ఊరి చివర శీతల గిడ్డంగి కట్టారు. బరువులెత్తే మనుషులు కావాలన్నారు. రేవులో చాలామంది మనసు అటు లాగింది. మరిది కూడా పోదామనుకున్నాడు. ఆ రోజు కూడా గోడ దగ్గరే మాట్లాడుకున్నారు. "తొందరపడకు, చేప ఉంది" అంది ఆవిడ. అతను ఆగిపోయాడు. తను ఆగడమే కాదు, పోయేవాళ్ళని కూడా ఆపాడు. "మా వదిన గాజుపలక మీద కళ్ళారా చూసింది, ఎక్కడికి పోతార్రా!" అన్నాడు.

తొమ్మిదో ఏడు, వల వేసే రోజులు సగానికి వచ్చాక, ఒక పొద్దున అతను తడి గోనెలో చేపని చుట్టి గోడ మీద పెట్టాడు.

"వదినా, దీన్ని చూడు. తోకకి ముందు వీపు మీద బుడిపెలాంటి చిన్న రెక్క ఉంటుందే, దీనికది లేదు. కోసినట్టుంది."

ఆవిడ చూసింది. కోసినట్టే ఉంది. తర్వాత గుర్తొచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు చదువుకునే అమ్మాయి ఒకతె ఎక్కడి నుంచో వచ్చి, సముద్రానికి దిగిపోతున్న పిల్లచేపల్ని కొన్ని వేలు పట్టి, గుర్తుగా ఆ చిన్న రెక్క కత్తిరించి వదిలింది. ఒక్క ఏడే. ఆ తర్వాత ఆ అమ్మాయి వెళ్ళిపోయింది, మేమూ మరిచిపోయాం.

ఆవిడ పొలుసులు గీకి కాగితంలో మడిచి ఆఫీసుకి తెచ్చింది. నేను ఇద్దరికీ టీ పోస్తున్నాను. ఆవిడ మైక్రోస్కోపు మీదికి వంగి, లేచి, మళ్ళీ వంగింది. ఇంకో పొలుసు పెట్టింది. ఇంకోటి. టీ చల్లారిపోయిందక్కా అన్నాను. కాసేపటికి నా వైపు తిరిగి చిన్నపిల్లలా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"ఆ పిల్ల రెక్కలు కోసి వదిలింది ఎప్పుడు?"

"రెండేళ్ళ కిందటి ఎండాకాలం మొదట్లో. మీరే కదా ఆ కాగితాలు నాకు టైపుకి ఇచ్చారు."

"అంటే ఇది సముద్రంలో రెండు చలికాలాలే ఉంది."

"అవును."

"దీని మీద మూడున్నాయి."

నాకు వెంటనే బోధపడలేదు. ఆవిడకి పడింది. ముఖం సున్నం కొట్టినట్టయింది. లేచి గోడ పొడవునా ఉన్న చెక్క బీరువాలు తెరిచి తొమ్మిదేళ్ళ గాజుపలకలు బయటికి తీయడం మొదలుపెట్టింది. ఆ రోజూ మర్నాడూ అదే పని. మూడో రోజుకి ఆవిడ చెప్పింది: మూడింటిలో మధ్య పట్టీ చలికాలం కాదు. నిజమైన చలికాలపు గీత పొలుసు చుట్టూ పూర్తిగా తిరుగుతుంది. ఇది తిరగలేదు. ఒక పక్కకి వచ్చేసరికి పలచబడి ఆగిపోయింది. అది ఆకలి గీత. మంచి తిండి దొరకాల్సిన రోజుల్లో తిండి లేక ఒళ్ళు ఆగిపోయిన గుర్తు.

చేప సముద్రంలో మూడేళ్ళు ఉండటం లేదు. ఎప్పటిలాగే రెండేళ్ళే. రావలసిన చేప ఆలస్యం చెయ్యలేదు. రెండు చలికాలాల మధ్య ఎండాకాలంలోనే ఆకలికి చచ్చిపోయింది. మిగిలిన కాస్తా వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టు మా ఊరు పట్టేసింది, వెనకాల ఇంకా ఉందనుకుని.

మొదటి ఏడాది పలకల్లో ఒకదాని అంచున అంటించిన చీటీ నాకు చూపించింది. ఆవిడ రాతే. తేదీ, చేప బరువు, మూడు అనే అంకె. దాని పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం.

"ఆ రోజు బాగా గుర్తుంది నాకు. గీత పూర్తిగా తిరగలేదేమిటా అనుకున్నాను. అనుకుని, ఇది పెట్టి, తర్వాత చూద్దాంలే అని పక్క పలక తీశాను. ఒంట్లో బాగుండక కాదు, ఇంట్లో కష్టమొచ్చి కాదు. ఏ సాకూ లేదు నాకు. తర్వాత చూడలేదు, అంతే."

ఆఫీసరుగారు చెడ్డమనిషి కాదు. ఆవిడ చెప్పిందంతా విని, చాలాసేపు పేపరు వెయిటు తిప్పుతూ కూర్చున్నారు.

"ఇప్పుడు చెబితే ఒరిగేదేముందమ్మా? వచ్చే ఏడాది నుంచి రెండని రాద్దాం. మెల్లగా సర్దుకుంటుంది."

"ఏది సర్దుకుంటుంది సార్? చేపా, కాగితమా?"

ఆయన పేపరు వెయిటు పక్కన పెట్టారు. రెండు రోజులు తనే మైక్రోస్కోపు దగ్గర కూర్చుని పలకలు చూశారు. మూడో రోజు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "రాయండి" అన్నారు నాతో. నేను రాశాను: "వయసు నిర్ధారణ పద్ధతిలో గుర్తించిన లోపం కారణంగా." పొలుసక్క నా భుజం మీంచి చదివింది.

"నా పేరు పెట్టకూడదా?"

"ఇది పద్ధతట అక్కా. దానికి పేరు ఉండదు."

పై నుంచి జవాబు రావడానికి పట్టే వారాలు ఆగి, అది వచ్చాక ఇంట్లో చెప్పి ఉండవచ్చు. అందరూ ఆఫీసు తప్పే అనుకునేవాళ్ళు. ఆవిడ ఆగలేదు. నాకు తర్వాత ఆవిడే చెప్పింది, ఒక్కొక్క మాటా.

సెలవు రోజు. మరిది గోడకవతల పీట మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తోడికోడలు బట్టలు ఆరేస్తోంది. ఆవిడ గోడ చుట్టూ తిరిగి వాళ్ళ వాకిట్లోకి వెళ్ళింది. అలా ఎప్పుడూ వెళ్ళదు, గోడ మీంచే మాట్లాడేది. అందుకే అతను చెయ్యి ఆపాడు.

"ఏంటి వదినా, అన్నయ్య బాగానే ఉన్నాడా?"

"బాగానే ఉన్నాడు. నేనే ఒక సంగతి చెప్పాలి. నేను పొలుసు తప్పు చదివాను."

"ఏ పొలుసు? మొన్న నేనిచ్చిందా?"

"అన్నీ. తొమ్మిదేళ్ళుగా."

అంతా చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు, అర్థమైనట్టే తలాడించాడు.

"సరేలే, మనిషన్నాక పొరపాటు జరగదా. నువ్వేం పెట్టుకోకు మనసులో. ఇంతకీ అదెప్పుడొస్తుందంటావు?"

"ఏది?"

"అదే, ఆ ఇంకో ఏడాది చేప."

"అది లేదయ్యా."

"ఈ ఏడు లేదా?"

"ఏ ఏడూ లేదు. ఎప్పుడూ లేదు. నేను ఉందన్నానంతే."

అతను వల మీదికి వంగి మూడు నాలుగు ముళ్ళు వేశాడు. ఒక్క ముడీ తప్పలేదు.

"రేవులో అందరికీ చెప్పానే."

"చెప్పావు."

"మీరు చెప్పారని చెప్పాను."

కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో అతని నోట ఆవిడ విన్న మొదటి "మీరు" అది. కోపంగా అనలేదు. బ్యాంకులోనో ఆసుపత్రిలోనో తెలియని మనిషితో మాట్లాడినట్టు అన్నాడు. తోడికోడలు తడిచీర చేతిలో పట్టుకునే అంది, "గిడ్డంగికి పోతానన్న రోజున ఈ మనిషిని ఆపింది నువ్వే కదక్కా." అరిచి అనలేదు ఆమె కూడా. చీర దులిపి తీగ మీద వేసి లోపలికి వెళ్ళిపోయింది.

అతను ఆ రోజే రేవుకి వెళ్ళాడు. ఆఫీసు తప్పు అనలేదు, వదిన తప్పు అనలేదు. "నేను చెప్పిన మాట అబద్ధం. చేప లేదు" అన్నాడు. ఎవరో ఇదేమిటని అడిగారు. ఎవరో బూతులు తిట్టారు. అతను నిలబడి అన్నీ పడ్డాడు. మర్నాటి నుంచి టీ కొట్టు దగ్గర అతను వచ్చి కూర్చుంటే బల్ల మీది వాళ్ళు ఒక్కొక్కరే లేచేవారు. పొలుసక్క వాళ్ళాయన ఈ సంగతి విని వచ్చి ఆవిడతో చెప్పాడు. ఎప్పుడూ ఏదో ఒక ఛలోక్తి విసిరే మనిషి ఆ పూట ఏమీ లేకుండా చెప్పి, షర్టు విప్పి కొక్కేనికి తగిలించి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పై నుంచి జవాబు వచ్చింది. మళ్ళీ చెప్పేదాకా ఏట్లో వల వేయకూడదు. కాగితం నేనే రేవులో షెడ్డుకి అంటించాను. చదివి ఎవరూ గొడవ చెయ్యలేదు. గొడవ చేస్తే బాగుండుననిపించింది నాకు. రెండొందల ఇళ్ళలో కొందరు గిడ్డంగికి వెళ్ళారు. నలభై దాటినవాళ్ళని అక్కడ తీసుకోలేదు. అప్పటికి మరిదికి యాభై రెండు. అన్నగారు డిపోలో ఎవరినో బతిమాలి పని ఇప్పించాడు. బస్సులు కడిగే పని. పడవని ఒడ్డుకు లాగి బోర్లించాడు. దాని కింద కోళ్ళు చేరాయి.

పొలుసక్కకి ఇంకా ఏడాది సర్వీసుంది. ఆఫీసులో చదవడానికి పొలుసులు లేవు. కుర్చీలో కూర్చుని ఏటి వైపు చూసేది. ఒక రోజు ఆఫీసరుగారితో, "సార్, ఎండాకాలంలో సర్వే ఓడ ఒకటి వెళుతుందిగా, చేప మేసే చోటికి. నన్ను పంపిస్తారా?" అంది. ఈ వయసులో ఎందుకమ్మా అన్నారాయన. "ఆ గీత ఎక్కడ పడుతుందో చూడాలి" అంది. ఆయన కాదనలేక ఉత్తరం రాశారు, చోటు దొరికింది.

ఎనిమిది రోజులు వెళితే గాని ఆ చోటు రాదట. నాలుగు రోజులు ఆవిడ బకెట్టు పట్టుకుని మంచానికి అతుక్కుపోయింది. ఓడ వంటమనిషి పలచటి గంజి తెచ్చి పెట్టి, "అమ్మా, చేపలు కూడా ఇంత కష్టపడవు ఇక్కడికి రావడానికి" అన్నాడట. అయిదో రోజు పైకి వచ్చి చూసింది. ముప్ఫై ఏళ్ళు గాజుపలక మీద చదివిన నీళ్ళు. ఒడ్డు లేదు, చెట్టు లేదు, బూడిదరంగు తప్ప ఇంకేమీ లేదు. చూపుడువేలంత పిల్లలు ఇంత దూరం వస్తాయా అని ఎవరినో అడిగింది. దారి చూపేవాళ్ళు లేకుండానే వస్తాయి అన్నారు.

ఎనిమిదో రోజున సన్నటి వల దించారు. చేప తినేవి ఎర్రటి పురుగుల్లాంటి చిట్టి రొయ్యలు. వెనకట ఈ కాలంలో వల లేపితే గంపలకొద్దీ ఉండేవని ఓడవాళ్ళు చెప్పారు. వల పైకి వచ్చింది. నిండుగానే ఉంది. ఆవిడ ఆశగా ముందుకు జరిగింది. డెక్కు మీద గుమ్మరించారు. రొయ్యలు లేవు. గంజిలాగా, పగిలిన గాజులాగా తెల్లటి జెల్లీ ముద్దలు. చీపురుతో నెడితే జారిపోతున్నాయి. నీళ్ళు వెచ్చబడ్డాయి, రొయ్య ఇంకా పైకి, ఉత్తరాన చల్లటి నీళ్ళలోకి పోయింది, దాని చోటులోకి ఇది వచ్చింది అని ఓడలో ఉన్న ఒక చదువుకున్నావిడ వివరించింది.

"చేప కూడా పైకి పోవచ్చుగా?"

"పోవడం లేదు. తాతలనాటి నుంచి ఇక్కడికే వస్తున్నాయి. ఇక్కడికే వస్తాయి."

మర్నాడు పెద్ద వలలో మా చేప పదకొండు పడ్డాయి. ఏ ఏటివో ఎవరు చెప్పగలరు. సన్నగా, తలకాయ పెద్దదై, పొట్ట వెన్నుకి అంటుకుపోయి ఉన్నాయి. రెండింటి పొట్టలు కోసి చూశారు. ఒకదానిలో ఏమీ లేదు. ఒకదానిలో కొంచెం జెల్లీ. ఆవిడ పొలుసులు గీకి, ఊగే బల్ల మీద మైక్రోస్కోపుని ఒక చేత్తో పట్టుకుని చూసింది. మంచి ఎండాకాలం. ఎడమెడంగా పోవాల్సిన గీతలు. అంచు దగ్గరికి వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఒక పక్కన ఇంకా కలవలేదు.

బతికున్న మూడింటిని నీళ్ళలోకి వదిలారు. ఆవిడ రైలింగు పట్టుకుని అవి పోయిన వైపు చూస్తూ నిలబడింది. వంటమనిషి లోపలికి రమ్మని రెండుసార్లు పిలిచాడట.

ఊరికి వచ్చిన మర్నాడే డిపోకి వెళ్ళింది. నేను తోడు వెళ్ళాను. షెడ్డు నిండా బురద నీళ్ళు, డీజిలు వాసన. మరిది ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి పైపుతో బస్సు చక్రాలు కడుగుతున్నాడు. మమ్మల్ని చూసి కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చాడు.

"ప్రయాణం ఎలా జరిగిందండీ?"

ఆవిడ సముద్రం గురించి అతనికి చెప్పాలని దారి పొడుగునా మాటలు కూడగట్టుకుంది. నాతో అంది కూడా, వాడు జన్మంతా ఆ చేప పట్టాడు, అదెక్కడ పెరుగుతుందో వాడికి చెప్పాలి అని. చెప్పింది. వల గురించి, జెల్లీ గురించి, పదకొండు చేపల గురించి. అతను అంతా విన్నాడు.

"అయితే ఇంక రావన్నమాట."

"కొన్ని వస్తాయి."

"కొన్నంటే?"

ఆవిడ తడుముకుంది. తొమ్మిదేళ్ళు తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి. "పదుల్లో" అంది చివరికి.

"మంచిది. మీరు క్షేమంగా వచ్చారు, అదే పదివేలు." అలా అని, ఇంకో బస్సు లోపలికి వస్తుంటే పక్కకి జరగమని మాకు చెయ్యి చూపించి, వెళ్ళి కుళాయి తిప్పాడు. ఆవిడ చీర అంచు తడిసింది. బయటికి వచ్చాక పిండుకోలేదు, అలాగే నడిచింది.

ఆ ఏడు ఏట్లోకి నలభై మూడు చేపలు వచ్చాయి. వచ్చిన ప్రతిదాన్నీ మెల్లగా పట్టి, రెండేసి పొలుసులు తీసుకుని, మళ్ళీ వదిలాం. ఆవిడ చదివింది. నలభై మూడింటికీ ఆ తెగిన గీత ఉంది. ఎగువన రాళ్ళ దగ్గరికి ఎన్ని చేరాయో తెలియదు. వరదకి అక్కడ ఒండ్రు పట్టేసిందని తర్వాత విన్నాం.

ఉద్యోగం చివరి నెలల్లో ఆవిడ నా చేత ఉత్తరాలు టైపు చేయించింది. ఇలాంటి చేప వచ్చే ఏర్ల మీద ఆఫీసులు ఇంకో అయిదున్నాయి. అక్కడ పొలుసులు చదివేవాళ్ళకి, ఈ గీతని జాగ్రత్తగా చూడమని, తను ఎలా పొరబడిందీ దాచకుండా రాసింది. ఈసారి పేరు పెట్టింది. రెండు చోట్ల నుంచి అందిందని ముక్క వచ్చింది. ఒకరు ఆ అంశం తమ పరిధిలోకి రాదన్నారు. మిగతా రెండింటి నుంచి ఏమీ లేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి, పెద్దావిడే, గొంతు బొంగురుగా ఉంది. ఉత్తరం రాసినావిడ ఉన్నారా అంది. ఫోను నా బల్ల మీదే. పాత ఫోను, అవతలి మాట పక్కనున్నవాళ్ళకి కూడా వినిపించేది. పొలుసక్క వచ్చి నిలబడే అందుకుంది.

"అమ్మా, మీ ఉత్తరం పోయిన నెలే వచ్చింది. విప్పలేదు. మొన్న విప్పాను. నాలుగు రోజులుగా పాత పలకలు చూస్తున్నాను."

"ఎన్నేళ్ళమ్మా?"

"పద్నాలుగు."

లైను గరగరమంది.

"మీ వాళ్ళకి చెప్పారా మీరు?"

"చెప్పాను."

"తిట్టారా?"

"లేదు."

"మరి?"

పొలుసక్క కళ్ళజోడు తీసి నా బల్ల మీద పెట్టింది.

"మా తమ్ముడు ఏటి మీదే బతుకుతున్నాడు. మొన్ననే కొత్త వల కొన్నాడు, నా మాట మీద. ఇంకా వాడికి తెలీదు. చెప్పమంటారా?"

ఆవిడ కిటికీ వైపు చూసింది. నా వైపు చూసింది.

"చెప్పండి" అంది. "వాళ్ళావిడ ఇంట్లో లేనప్పుడు చెప్పండి. కూర్చోబెట్టి చెప్పండి."

అవతల ఏడుపు మొదలైంది. పొలుసక్క ఊరుకోమనలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని, వింటూ ఉండిపోయింది. ఆఫీసరుగారు తలుపు దాకా వచ్చి, చూసి, వెనక్కి వెళ్ళిపోయారు.